నిమ్మపసుపు స్పిరిట్

జఖార్ లుకిచ్ ఆ మంచుగడ్డను నాలుకతో ఒక్క నాకు నాకాడు.

"అయ్యయ్యో, నాకకండి!" అని అగ్నియా రొదియోనొవ్నా కేక పెట్టేసరికి నాకడం అయిపోయింది, పెదాలు చప్పరించడం కూడా అయిపోయింది.

"తియ్యగా ఉంది," అన్నాడాయన, కొత్త వియ్యాలవారింట్లో వంట రుచి చూస్తున్నవాడిలా కళ్లు సగం మూసుకుని.

"ఇది రసాయనశాలండీ! ఇక్కడ దేన్నీ నాలుక మీద పెట్టకూడదు. ప్రాణం పోతుంది."

"పింఛను కాగితాలు ఇంకా తయారు కాలేదమ్మా. అప్పటిదాకా పోదులే."

జిల్లా పోలీసు కెప్టెన్ జఖార్ లుకిచ్ ప్ర్యాఖిన్‌కి ఇది ఉద్యోగంలో చేరిననాటి అలవాటు. భూతద్దం, వేలిముద్రల పొడి, జేగురురంగు దారాలు అన్నీ తోలుసంచిలో ఉంటాయి గానీ, అవి బయటికొచ్చే ముందే ముక్కు తన పని చేసుకుపోతుంది, దాని వెనకాలే నాలుక బయల్దేరుతుంది. ఒకసారి రైలుపట్టాను నాకి అది ఏ ఊరి పట్టానో చెప్పాడని జిల్లాలో చెప్పుకుంటారు. ఆ కథ పుట్టించింది ఆయనే.

ఆయన చేతిలోని మంచుగడ్డ గాజుకుప్పె ఆకారంలో ఉంది. పైన సన్నటి మెడ, కింద ఉబ్బిన పొట్ట. కుప్పె మాత్రం నిలువునా చీలి, ముక్కలు కొన్ని ఫ్రీజరు అరలో, కొన్ని మంచుకి అతుక్కునీ ఉన్నాయి. గడ్డ లోపల లేత గోధుమరంగు. చలిగది ఇరుకు. ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బయట పీల్చుకోవాలి.

"మళ్లీ మొదట్నుంచి చెప్పు తల్లీ," అన్నాడు జఖార్ లుకిచ్. "చిన్నచిన్న మాటల్లో చెప్పు. నేను చదివింది పల్లెటూరి బడి. అదీ వానలు లేనప్పుడే."

అగ్నియా రొదియోనొవ్నా నలభై దాటిన మనిషి. నిన్నటినుంచి నిద్ర లేక కళ్లు ఎర్రబడ్డాయి గానీ జుట్టు మాత్రం చెదరలేదు. ఈ పరిశోధనాలయంలో మందు తయారుచేసేది ఆమె. మొన్న సాయంత్రం ఆమె వెళ్లేటప్పుడు ఈ కుప్పె నిండా స్పిరిట్ ఉంది, ఆ స్పిరిట్‌లో మందు కరిగి ఉంది. నిన్న పొద్దున తలుపు తీస్తే ఇదీ సంగతి. ఒక ముక్క కరిగించి పరీక్ష చేసింది. మందు ఆనవాలు కూడా లేదు.

"ఫ్రీజరుకి తాళం?"

"ఉండదు. గదికి ఉంటుంది. తాళంచెవులు నా దగ్గరొకటి, డిప్యూటీ డైరెక్టర్ ఇన్నొకెంతి సవ్విచ్ దగ్గరొకటి, భద్రతాధికారి కల్నల్ గారి దగ్గరొకటి."

"తాళం బద్దలు కొట్టలేదు. కాబట్టి కల్నల్ గారు నిన్ను అనుమానించారు."

"అనుమానం కాదండీ. తేల్చేశారు. విదేశీ గూఢచారులకి అమ్మేశానట." ఆమె మూలనున్న కుర్చీ వైపు చూసింది. దాని మీద చిన్న గుడ్డసంచి. "మధ్యాహ్నం మాస్కో నుంచి కారు వస్తుంది. నన్ను తీసుకెళ్లడానికి."

"ఏం సర్దుకున్నావు?"

"సబ్బు. టూత్‌బ్రష్షు. ఊలు మేజోళ్లు రెండు జతలు."

"ఈ కాలానికి మూడు జతలు కావాలి," అని జఖార్ లుకిచ్ గంభీరంగా తల ఊపాడు. "కానీ ఒక్కటీ అక్కర్లేకుండా చూద్దాం. ఇంతకీ ఏం పోయిందో నాకు అర్థం కావాలి. ఏమిటా మందు?"

ఆ ప్రశ్నకి ఆమె వీపు నిటారైంది. అంతవరకూ దోషిలా నిలబడ్డ మనిషి ఒక్కసారిగా బడిపంతులమ్మ అయిపోయింది.

"మన ఒంట్లో ప్రతి కణంలోనూ పొయ్యిలు ఉంటాయి. మైటోకాండ్రియా అంటాం. మనం తిన్నది అక్కడే కాలి శక్తి అవుతుంది. వయసు పైబడితే ఆ పొయ్యిల్లోంచి నిప్పురవ్వలు ఎక్కువ లేస్తాయి, చుట్టూ పాడుచేస్తాయి. ఆ రవ్వల్ని ఆర్పే మందులున్నాయి. చిక్కల్లా, వాటిని పొయ్యి దాకా పంపించడం ఎలా?"

"ఎలా?"

"పొయ్యి లోపల ఋణ విద్యుత్తు ఉంటుంది. ధన ఆవేశం ఉన్న దేన్నయినా అది లోపలికి లాక్కుంటుంది. కానీ మధ్యలో కొవ్వు గోడలున్నాయి. మామూలుగా ఆవేశం ఉన్నవి నీళ్లని వదలవు, కొవ్వు గోడ దాటవు. అందుకని మేమేం చేశామంటే, ధన ఆవేశాన్ని మధ్యలో పెట్టి, చుట్టూ కొవ్వుకి ఇష్టమైన గుంపుల్ని తొడిగాం. గొర్రెతోలు కోటు తొడిగినట్టు. ఆ కోటుతో అది గోడల్లోంచి దూరిపోతుంది. లోపలి విద్యుత్తు దాన్ని లాగుతుంది. వీపున మందు మూట కట్టి పంపిస్తే నేరుగా పొయ్యి దగ్గరికే మోసుకెళుతుంది. బయట ఒక పాలు ఉంటే లోపల వెయ్యి పాళ్లు చేరుతుంది."

"అంటే," అన్నాడు జఖార్ లుకిచ్ మీసం దువ్వుకుంటూ, "పిలవని పెళ్లిలో దూరి, పలకరించేవాళ్లందర్నీ తప్పించుకుని, తిన్నగా వంటశాలలో తేలేవాడన్నమాట. మా బావమరిది అలాంటివాడే. వాడి చుట్టూ కూడా కొవ్వే."

అగ్నియా రొదియోనొవ్నా నవ్వింది. నవ్వినందుకు తనే ఆశ్చర్యపోయినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"కంట్లో వేసే చుక్కల కోసం చేశాం," అంది మెల్లగా. "కళ్లు మసకబారిన ముసలి కుక్కల మీద, గుర్రాల మీద చూశాం. ఒక గుర్రం... సరే, అది వదిలేయండి. వచ్చే నెల మనుషుల మీద మొదలుపెట్టాలి. ఉన్నదంతా ఆ కుప్పెలోనే ఉంది. రెండేళ్ల పని. నన్ను తీసుకెళితే తీసుకెళ్లనీ కెప్టెన్ గారూ. అది దొరకాలి."

"నువ్వూ ఉండాలి, అదీ దొరకాలి. మందు ఏ రంగు?"

"లేత పసుపు. నిమ్మతొక్క వేసి నానబెట్టిన స్పిరిట్ ఎలా ఉంటుంది, అలా."

జఖార్ లుకిచ్ మంచుగడ్డను వెలుతురుకి పెట్టి చూశాడు. మళ్లీ వాసన చూశాడు. ఆమె వారించేలోపే మళ్లీ నాకాడు.

"టీ," అన్నాడు. "పంచదార వేసిన టీ. అందులో ఏదో పొద ఆకు. దాని పేరు నోట్లోనే ఆడుతోంది."

"నోట్లోనే ఉంది కదండీ, గడ్డ!"

"మా ఊళ్లో తిమోఫేయ్ అని ఒకడుండేవాడు," అంటూ జఖార్ లుకిచ్ కాళ్లు ఎడంగా పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన అలా నిలబడ్డాడంటే అబద్ధం పెద్దదే వస్తోందని జిల్లా అంతటికీ తెలుసు. "పెళ్లానికి తెలియకుండా స్పిరిట్ సీసా బావిలో వేలాడదీశాడు. ఆ చలికాలం బావి అడుగుదాకా గడ్డకట్టింది. వసంతం రాకముందే తవ్వి తీశారు. నీళ్లు రాయి, సీసాలో స్పిరిట్ మాత్రం గళగళా. పక్కన ఒక చేప, సీసా మూతి నోట్లో పెట్టుకుని, నవ్వుతూ. నవ్వుతూనే ఈదుకుంటూ పోయింది."

"గడ్డకట్టిన బావిలోనా?"

"అది తాగి ఉందమ్మా, దానికి తెలియలేదు. నేను చెప్పేదేమిటంటే, స్పిరిట్ ఫ్రీజరులో గడ్డకట్టదన్న సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు, ఆ చేపకి తెలుసు. నువ్వే దొంగవైతే స్పిరిట్ తీసి టీ పోసి మళ్లీ ఫ్రీజరులో పెడతావా? తెల్లారేసరికి గడ్డకట్టి కుప్పె పగిలి ఊరంతా తెలిసిపోదూ! ఇది రసాయనం తెలిసినవాడి పని కాదు. కుప్పెలో నిమ్మతొక్కల స్పిరిట్ ఉందనుకున్నవాడి పని. సరే, నువ్విక్కడే ఉండు. నేను కల్నల్ గారి దగ్గర టీ తాగొస్తాను."

భద్రతాధికారి కల్నల్ గోర్దేయ్ కపితోనొవిచ్ షూబిన్ సైన్యం నుంచి రిటైరై వచ్చి ఈ పరిశోధనాలయం గేటు దగ్గర కూర్చున్నాడు. కూర్చున్న రోజు నుంచి ఒక గూఢచారి కోసం ఎదురుచూస్తున్నాడు. గూఢచారి రాలేదు. ఎదురుచూపు మాత్రం ఏటేటా లావెక్కింది.

"రండి కెప్టెన్," అన్నాడు, బల్ల వెనక బద్దలా నిటారుగా కూర్చుని. "ఇది జిల్లా పోలీసులు చూసే కేసు కాదు. కోళ్లదొంగతనం అయితే కబురు పెట్టేవాణ్ణి. అయినా వచ్చారు కాబట్టి కూర్చోండి. టీ?"

"కోళ్ల దగ్గర టీ ఇవ్వరు. అందుకే ఇటు వచ్చాను."

కల్నల్ కుర్చీలోంచి కదలకుండానే చెయ్యి చాపి కెటిల్ అందుకుని రెండు గ్లాసుల్లో టీ పోశాడు. డబ్బాలోంచి ఎండిన ఆకులు చిటికెడు తీసి వేశాడు. "స్మరోదినా ఆకు, నల్లటి పుల్ల పళ్లు కాసే పొదది. మా తోటలోదే. మా ఆవిడ ఎండబెట్టి ఇస్తుంది. ఈ భవనంలో ఇలాంటి టీ తాగేది నేనొక్కణ్ణే. మిగతావాళ్లవన్నీ దారం కట్టిన సంచుల టీలు. నీళ్లలో చచ్చిన ఎలకని ముంచినట్టు."

జఖార్ లుకిచ్ ఒక గుటక వేశాడు. మంచు చల్లదనం నాలుక మీద ఇంకా ఉంది. దాని మీదికి వేడి వచ్చింది గానీ రుచి మాత్రం మారలేదు. అదే ఆకు. అదే తీపి. నోట్లో ఆడుతున్న పేరు దొరికింది.

ఆయన ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. ఇంకో చెంచా పంచదార అడిగి పుచ్చుకున్నాడు.

"మీ లెక్కేమిటి కల్నల్ గారూ?"

"లెక్కలేముంది, తేలిపోయింది. ఆ ఆడమనిషి మందు దాచేసి, ఏమీ ఎరగనట్టు గోల పెట్టింది. విదేశాలవాళ్లు దీనికి నోరు తెరుచుకుని ఉన్నారు."

"రసాయనం చదివిన మనిషి ఫ్రీజరులో నీళ్లు పెట్టి పగలగొట్టుకుంటుందా?"

"అదే దాని తెలివి! అంత తెలివితక్కువ పని చేయదని మనం అనుకోవాలనే చేసింది."

"మరి అలాగైతే, ఏమీ తెలియని మీరు చేశారని కూడా అనుకోవచ్చు. మీరు చేయరని నేననుకోవాలనే మీరు చేశారు."

"ఏమన్నారు?"

"మాటవరసకి. మీ వాదనకి అన్నీ తలుపులే, గోడ ఒక్కటీ లేదు. ఎవరైనా దూరొచ్చు."

"మీరు హద్దు దాటుతున్నారు కెప్టెన్! మధ్యాహ్నం మాస్కో కారు వస్తుంది. వాళ్లు చూసుకుంటారు. మీరు మీ కోళ్ల దగ్గరికి దయచేయవచ్చు."

"దయచేస్తా. ఒక్క చిన్న సంగతి. కుప్పెలో ఉత్త నీళ్లు కాదు, టీ పోశారు. గూఢచారికి అంత ఓపికెక్కడిది? కుప్పె జేబులో పెట్టుకుని పోతాడు. టీ పోసేవాడు గూఢచారి కాదు, కొడుకు."

"ఎవరి కొడుకు?"

"ఎవరి కొడుకైనా. తండ్రి అలమారలో కొన్యాక్ బ్రాందీ సీసా ఉంటుంది. కొడుకు దొంగతనంగా రెండు గుటకలు వేస్తాడు. తగ్గినంత మేర టీ పోసి మూత పెట్టేస్తాడు. ఈ దేశంలో ఆ పని చేయకుండా మీసాలొచ్చిన మగాడు లేడు. నేను చేశాను. మీరు?"

కల్నల్ మెడ దగ్గర ఎరుపు మొదలై చెవుల దాకా పాకింది. "మా నాన్న బెల్టుతో కొట్టేవాడు," అన్నాడు, ఎందుకన్నాడో తెలియనట్టు.

జఖార్ లుకిచ్ మోకాలి మీది టోపీ జారి కిందపడింది. జారిందంటే, ఆయన మోకాలు దానికి కాస్త సాయం చేసింది.

"అయ్యో. కాస్త అందుకుంటారా? నా మోకాళ్లు వంగవు."

మర్యాద నేర్చిన పాత సైనికుడు. ఆలోచించకముందే ఒళ్లు వంగింది. వంగగానే కోటు లోపల్నుంచి ఒక చప్పుడు వచ్చింది.

గళగళ.

కల్నల్ సగం వంగిన చోటే ఉండిపోయాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"మీ పొట్టలో ఓకా నది కరిగినట్టుందే," అన్నాడు జఖార్ లుకిచ్. "బయట ఇంకా కరగలేదు."

"నడుం నొప్పి. కాపడం పెట్టుకున్నాను. వేణ్ణీళ్ల సంచి."

"నడుముకి కాపడం వెనక కడతారు గోర్దేయ్ కపితోనొవిచ్. మీరు ముందు కట్టారు."

కల్నల్ నెమ్మదిగా నిలబడ్డాడు. కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. కింద, ఉన్ని శాలువాతో పొట్టకి బిగించి, ఎర్ర రబ్బరు సంచి. స్పిరిట్ దొరికే ఏ సంస్థలోనైనా అది గేటు దాటే పద్ధతి అదే. గేటు కాపలావాళ్లు కల్నల్‌ని తడమరు. తడమమని వాళ్లకి నేర్పాల్సినవాడు ఆయనే.

"అది మందని నాకు తెలియదు," అన్నాడు. ఆ గొంతులో కల్నల్ లేడు. "దేవుడి మీద ప్రమాణం. ఆడవాళ్లు మహిళా దినోత్సవానికి నిమ్మతొక్కల స్పిరిట్ దాచుకున్నారని విన్నాను. రేపే కదా పండగ. కాస్త ఆటపట్టిద్దామని..."

"రెండు రోజులుగా పొట్టకి కట్టుకునే తిరుగుతున్నారా?"

"ఎక్కడ పెట్టను? సేఫ్‌కి రెండో తాళం ఇంకొకరి దగ్గరుంది. ఇంట్లో మా ఆవిడ ముక్కు ఉంది. ఇక మిగిలింది పొట్టే కదా!"

"మందు పోయిందని గోల పుట్టినప్పుడైనా అనుమానం రాలేదూ?"

కల్నల్ కుర్చీలో కూలబడ్డాడు. సంచి మళ్లీ గళగళమంది. "వచ్చింది. పోయింది పొడి, అది వేరే గాజులోది, నీది కాదులే అన్నారు. నేను నమ్మాను. నమ్మకపోతే దొంగని నేనే అవుతాను కదా! చలిగదిలోకి తొంగి కూడా చూడలేదు. అందుకే గట్టిగా అరుస్తూ వచ్చాను."

అన్నది ఎవరని జఖార్ లుకిచ్ అడగబోయాడు. అంతలో తలుపు దగ్గర అగ్నియా రొదియోనొవ్నా కనపడింది. అక్కడే ఉండమంటే ఉండే మనిషి కాదు. ఎంతసేపట్నుంచి వింటోందో గానీ, ఆమె చూపంతా కల్నల్ మీద కాదు, సంచి మీద ఉంది.

"అది రబ్బరా?"

"రబ్బరే," అన్నాడు కల్నల్ తల దించుకుని.

"నీళ్లు కలిపారా?"

కల్నల్‌కి ఉక్రోషం వచ్చింది. ఎంత దొంగయినా మనిషికి పరువుంటుంది. "కలపకుండా తాగడానికి నేనేమన్నా ట్రాక్టరు డ్రైవర్నా? పద్ధతిగా నీళ్లు కలిపి, వోడ్కాలా నూటికి నలభై పాళ్లకి తెచ్చాను."

"ఎక్కడ కలిపారు? సంచిలోనేనా?"

"సంచిలోనే. ఇంకా ఒక్క చుక్క తాగలేదు. ఆదివారం నా పేరుగల సెయింట్ పండగ, దానికని దాచాను."

అగ్నియా రొదియోనొవ్నా రెండడుగుల్లో బల్ల దగ్గరికొచ్చి ఆయన కత్తెర తీసుకుంది. కల్నల్ కళ్లు మూసుకున్నాడు. ఆమె శాలువా ముడి విప్పి సంచి అందుకుని, దాని మూత తీసి, కాగితాల చెత్తబుట్ట పక్కనున్న ఎనామిల్ గిన్నెలోకి వంచింది.

గిన్నెలోకి దిగింది తేటగా ఉంది. కాస్త పసుపు ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు.

"ఎవరో మార్చేశారు!" అని కల్నల్ ఎగిరి గంతేశాడు. "నేను పోసినప్పుడు నిమ్మపండులా ఉంది! నా పొట్ట మీది సంచిలోంచే దొంగతనం! చెప్పలేదా, ఈ భవనంలో గూఢచారి ఉన్నాడని!"

"ఎవరూ తీయలేదు," అంది ఆమె. కత్తెరతో సంచిని నిలువునా కోసి, చేపని చీల్చినట్టు రెండు చెక్కలుగా విప్పి పరిచింది. బయట ఎర్ర రబ్బరు. లోపలి వైపంతా పసుపు పూసినట్టు నిండుగా, మెరుస్తూ.

"దానికి కొవ్వు కోటు తొడిగామని చెప్పాను కదండీ," అంది జఖార్ లుకిచ్‌తో. "చిక్కటి స్పిరిట్‌లో ఉంటే కదలకుండా కూర్చుంటుంది. నీళ్లు ఎక్కువైతే దానికి ఊపిరాడదు. కొవ్వులాంటిది ఏది దొరికితే అందులో దూరిపోతుంది. రబ్బరు, ప్లాస్టిక్, ఏదైనా సరే. మాకు ఇది పెద్ద తలనొప్పి. గొట్టాలకి పట్టేసి పోతుంటుంది, తిట్టుకుంటుంటాం. ఇప్పుడు..."

"ఇప్పుడు కల్నల్ గారి సంచి దాచిపెట్టింది."

"సంచి కాదు, నలభై పాళ్లు దాచిపెట్టాయి. నీళ్లు కలపకుండా ఆయన తాగేసి ఉంటే!"

ముగ్గురూ ప్రయోగశాలకి నడిచారు. కల్నల్ వెనక నడిచాడు, పొట్ట తగ్గి కోటు వదులై. ఆమె రబ్బరు ముక్కల్ని చిన్నచిన్నగా తరిగి గాజు పాత్రలో వేసి, పైన స్వచ్ఛమైన స్పిరిట్ పోసింది. కల్నల్ గొంతులో ఏదో కదిలింది గానీ బయటికి రానివ్వలేదు.

కాసేపు ఏమీ లేదు. స్పిరిట్ స్పిరిట్‌లాగే ఉంది. ఆమె పాత్రని రెండు చేతులా పట్టుకుని నెమ్మదిగా తిప్పుతోంది. పెదాలు ఏదో అంటున్నాయి. ప్రార్థనో, రసాయన సూత్రమో.

అప్పుడు ఒక ముక్క అంచు నుంచి సన్నటి పసుపు పోగు ఒకటి జారింది. దాని పక్కనే ఇంకొకటి. దారపుండ విడిపోతున్నట్టు పోగులు దిగుతూ అడుగున చేరి కమ్ముకున్నాయి.

"వస్తోంది," అంది అగ్నియా రొదియోనొవ్నా. ఏడుపు కూడా వస్తోంది ఆమెకి. రెండింటినీ ఆపలేదు.

జఖార్ లుకిచ్ కిటికీ వైపు తిరిగి చాలా పెద్దగా ముక్కు చీదాడు. "జలుబు," అన్నాడు. "మంచు నాకితే రాదూ మరి!"

కాసేపటికి ఆమె ఒక చుక్క తీసి, వెలుతురు పంపి కొలిచే యంత్రంలో పెట్టింది. అంకె చూసింది. మళ్లీ పెట్టింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"రబ్బరులో ఇంకా ఉండిపోయింది కలిపినా, గిన్నెలోది కలిపినా... ఇది సగమే. సగం తక్కువ."

జఖార్ లుకిచ్ కల్నల్ వైపు తిరిగాడు. ఈసారి మీసం కింద నవ్వు లేదు. "గోర్దేయ్ కపితోనొవిచ్. మిగతా సగం?"

"అది... వాటా." కల్నల్ బూట్ల వైపు చూశాడు. "నిమ్మస్పిరిట్ ఉందని నాకు చెప్పిన మనిషి వాటా. ఏ అరలో, ఏ కుప్పెలో ఉందో చెప్పింది ఆయనే. ఖాళీ అయ్యాక టీ పొయ్యమన్నది ఆయనే. నీది కాదులే, పోయింది పొడి అన్నదీ ఆయనే. ఇన్నొకెంతి సవ్విచ్."

"డిప్యూటీ డైరెక్టర్. వాటా దేంట్లో తీసుకున్నాడు?"

"గాజు సీసా తెచ్చుకున్నాడు. నల్లది. నా సంచిలో పోసుకోకముందే, నీళ్లు కలపకముందే తనది పోయించుకున్నాడు. కలిపిస్తానంటే వద్దన్నాడు. గట్టి మనిషే, చిక్కటిదే తాగుతాడు కాబోలు అనుకున్నా."

అగ్నియా రొదియోనొవ్నా చేతిలో పాత్ర ఆగిపోయింది.

"ఇన్నొకెంతి సవ్విచ్ తాగడు," అంది. "కడుపులో పుండు. ప్రతి విందులోనూ సోడానీళ్లు పట్టుకుని నిలబడతాడు. మేమంతా ఏడిపిస్తుంటాం."

కల్నల్ ముఖంలో ఒక్కొక్క సంగతీ ఆలస్యంగా వచ్చే రైలుబండిలా వచ్చి ఆగుతోంది.

"మాస్కో నుంచి కారు వస్తోందని మీకెవరు చెప్పారు?" అని అడిగాడు జఖార్ లుకిచ్.

"ఇన్నొకెంతి సవ్విచ్. స్వయంగా వెళ్లి ప్రాసిక్యూటర్ మనుషుల్ని తీసుకొస్తానని నిన్న బయల్దేరాడు. ఆమెనీ, ఆమె సామాన్లనీ సిద్ధంగా ఉంచమన్నాడు."

జఖార్ లుకిచ్ అప్పటికే మొబైల్ చెవికి పెట్టుకున్నాడు. మాస్కో ప్రాసిక్యూటర్ కార్యాలయంలో ఆయనకి ఒక పాత స్నేహితుడున్నాడు. ఆయన చెప్పే కథలన్నీ నమ్మే ఏకైక మనిషి. రెండు మాటలు అడిగాడు, రెండు మాటలు విన్నాడు, ఫోను దించాడు.

"ఏ కారూ పంపలేదట. అలాంటి కేసే లేదట."

"మరి వస్తున్నది ఎవరు?" అంది అగ్నియా రొదియోనొవ్నా.

"సీసాలో మందు ఉంటే చాలదు తల్లీ. అది అయిపోతే మళ్లీ తయారుచేసే చేతులు కావాలి. అందుకే నిన్ను దొంగని చేశాడు. నువ్వు నీ అంతట నువ్వే మేజోళ్లు సర్దుకుని, నోరెత్తకుండా కారెక్కాలని."

ఆమె తన చేతుల్ని ఒకసారి చూసుకుంది. పసుపు మరకలు. అంతలో గోడ మీది ఫోను మోగింది. జఖార్ లుకిచ్ కంటే ముందు కల్నల్ అందుకున్నాడు.

"షూబిన్. ఏమిటి? నల్ల కారా? ఎంతమంది? డిప్యూటీ డైరెక్టర్ గారితో ముగ్గురా?" ఆయన జఖార్ లుకిచ్ వంక చూశాడు. ఇన్నేళ్ల ఎదురుచూపు ఆ చూపులో ఉంది. వచ్చాడు. చివరికి గూఢచారి వచ్చాడు. వచ్చేలోపు వాడికి తనే నౌకరీ చేసిపెట్టానన్న సిగ్గు కూడా ఉంది. ఆయన వెన్ను నిటారైంది, ఈసారి సంచి కోసం కాదు.

"గేటు అడ్డకర్ర ఎత్తండి. సెల్యూట్ చేయండి. కారు లోపలికొచ్చాక దించి తాళం వేయండి. మళ్లీ ఎత్తమని నేనే వచ్చి చెప్పినా ఎత్తకండి." ఫోను పెట్టేశాడు. "కెప్టెన్. కోళ్ల మాట... క్షమించండి."

"తర్వాత మాట్లాడుకుందాం. మీరు వెనక మెట్లు పట్టుకోండి. గళగళ లేదు కాబట్టి చప్పుడు కాదు."

కల్నల్ వెళ్లిపోయాడు. జఖార్ లుకిచ్ తలుపు చాటున గోడకి ఆనుకుని, బెల్టుకున్న పిస్తోలు ఒర గుండీ విప్పుకున్నాడు. "లోపలి గదిలోకి వెళ్లు తల్లీ."

"ఇంకా దిగుతోంది," అంది ఆమె పాత్రని తిప్పుతూనే. "ఇప్పుడు వదిలేస్తే రబ్బరులోనే ఉండిపోతుంది. నేనెక్కడికీ రాను."

నడవలో అడుగుల చప్పుడు. బూట్లు మంచివి, తొందర లేనివి. వాటి వెనక ఇంకో రెండు జతలు. తలుపు దగ్గర ఆగాయి. రేపటి పండగకి ఆడవాళ్లకిచ్చే మిమోజా పూల వాసన సందులోంచి లోపలికి వచ్చింది. తలుపు మీద మర్యాదగా రెండు దెబ్బలు.

"అగ్నియా రొదియోనొవ్నా? నేనే, ఇన్నొకెంతి సవ్విచ్‌ని. భయపడకండి, అంతా సర్దుబాటు చేశాను. సిద్ధమేనా?"

ఆమె జఖార్ లుకిచ్ వైపు చూసింది. ఆయన తల ఊపాడు. ఆమె చేతిలోని పాత్రలో స్పిరిట్ ఇప్పుడు నిమ్మపండంత పసుపుగా ఉంది. దాన్ని తిప్పుతూనే ఆమె బదులిచ్చింది.

"తలుపు తీసే ఉంది, లోపలికి రండి. సీసా కూడా తెచ్చుకున్నారా?"